కాలువ గట్టు మీద నేర్చుకున్న చేతులతో కొత్త రేస్ ట్రాక్ నేర్చుకోవడం ఎలా

మన డెల్టాలో కారు నేర్చుకున్న చాలామందికి మొదటి పాఠం కాలువ గట్టు మీదే. ఒక పక్క నిండుగా పారే కాలువ, ఇంకో పక్క వరి చేను, మధ్యలో బండిన్నర పట్టే తారు రోడ్డు. ఎదురుగా గడ్డి లోడు ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు అంచుకు దిగాల్సిందే. అలా నేర్చుకున్న చేతులు నెమ్మదిగా, జాగ్రత్తగా ఉంటాయి. ట్రాక్ మీద అది చాలా పనికొస్తుంది. కానీ దాంతోపాటు కళ్లకు ఒక అలవాటు పడిపోతుంది. ఎప్పుడూ అంచునే చూస్తాం, బానెట్‌కు పది గజాల ముందే చూస్తాం. ట్రాక్ మీద మనల్ని దెబ్బతీసేది ఆ చూపే.

మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువుల పని. కొన్నేళ్ల కిందట రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజను బలమంతా వెనక చక్రాలకు వెళ్లే రకం. అలాంటి కారును దాని సత్తాకు తగ్గట్టు మన రోడ్ల మీద నడపాలనుకుంటే ఎవరి ప్రాణానికో ముప్పు తెచ్చినట్టే. చించినాడ వంతెన మీదా, 216 హైవే మీదా, తెల్లవారుజామున ఖాళీగా ఉందని ఏ ఏటిగట్టు మీదా అది చేయకండి. ఆ టైములో చెరువుల కాపలా ముగించుకుని ఇంటికి వెళ్లేవాళ్లు లైటు లేని సైకిళ్ల మీద వస్తుంటారు. వేగం కావాలంటే దానికోసం కట్టిన చోటుకే వెళ్లాలి. అక్కడికి వెళ్లేముందు, వెళ్లాక ఏం చేయాలో నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

ఏ ట్రాక్‌కు వెళ్లాలి

మనకు అన్నిటికంటే దగ్గర చెన్నై ట్రాక్. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, బెంగళూరు హైవే పక్కనే ఉంటుంది. పూర్తి చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. భీమవరం నుంచి సుమారు 550 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. అది చిన్నది, 2.1 కిలోమీటర్లు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు ఫార్ములా వన్ జరిగింది అక్కడే.

మొదటిసారి వెళ్లేవాళ్లు చెన్నైతోనే మొదలుపెట్టండి. దగ్గర కావడం ఒక కారణమైతే, ట్రాక్ దాదాపు చదునుగా ఉండటం ఇంకో కారణం. మన కళ్లకు చదునైన నేల అలవాటు. ఎత్తుపల్లాల సంగతి తర్వాత చెబుతాను.

పోటీల రోజు కాకుండా ట్రాక్ డే ఎంచుకోండి. ట్రాక్ డేలో ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, డబ్బు కట్టి, సెషన్ల వారీగా నడుపుకుంటారు. నెగ్గడాలు ఓడడాలు ఉండవు. పోటీలో దిగాలంటే దేశంలో మోటారు పోటీలను చూసుకునే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి, ఆ దారి వేరు. డబ్బు కట్టేముందు నిర్వాహకులను మూడు విషయాలు అడగండి. కొత్తవాళ్లకు వేరే గ్రూపు ఉందా? పక్క సీట్లో కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌ను ఇస్తారా? ముందురోజు సాయంత్రం ట్రాక్ మీద నడవనిస్తారా? మూడింటిలో రెండింటికి అవునంటేనే వెళ్లండి.

ఇన్సూరెన్సు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మన మామూలు మోటారు పాలసీల్లో రేసింగుకు, స్పీడ్ టెస్టింగుకు కవరేజీ ఉండదు. ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చంతా మీ జేబులోంచే పోతుంది. ఆ ఖర్చు తట్టుకోగలమా లేదా అన్నది ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకున్నాకే బయల్దేరండి.

ఇంట్లో, కాగితం మీద

వెళ్లడానికి రెండు వారాల ముందు ట్రాక్ మ్యాప్ ఒకటి పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకోండి. మలుపులకు నంబర్లు వేయండి. తర్వాత ఆ మ్యాప్ మూసేసి ఖాళీ కాగితం మీద మీరే గీయండి. తప్పులొస్తాయి. మళ్లీ గీయండి. రోజుకోసారి గీస్తే పదో రోజుకి కళ్లు మూసుకున్నా వరస వచ్చేస్తుంది.

నంబర్లు నాకు గుర్తుండవు. అందుకే మలుపులకు మన పేర్లు పెట్టుకుంటాను. ఎడమా కుడీ వెంటవెంటనే వచ్చి దారి ఇరుకైనట్టు అనిపించే చోటు నాకు ‘లాకులు’. పొడవుగా వంగుతూ పోయేది ‘అరటి గెల’. పిట్ (కార్లు ఆగే చోటు) పక్కనుండే తిన్నని దారిని పిట్ స్ట్రెయిట్ అంటారు, దానిలోకి తెచ్చే చివరి మలుపు ‘రేవు’. పేరు పెట్టగానే ఆ చోటు మన ఊళ్లో చోటైపోతుంది, మర్చిపోలేం. నడిపేటప్పుడు హెల్మెట్ లోపల ఆ పేర్లు పైకే అనుకోండి. తర్వాతి మలుపు పేరు నోటికి రాలేదంటే అక్కడ మీ మనసు కారు కంటే వెనకబడిందన్నమాట.

తర్వాత ఒక ఎర్ర పెన్ను తీసుకోండి. పొడవాటి స్ట్రెయిట్‌లోకి తీసుకెళ్లే మలుపులన్నిటికీ ఎర్ర చుక్క పెట్టండి. మీరు ముందు నేర్చుకోవాల్సినవి అవే. ఎందుకో లెక్క చూడండి. కిలోమీటరు పొడవున్న స్ట్రెయిట్‌లో సగటున 150 కిలోమీటర్ల వేగంతో వెళితే 24 సెకన్లు పడుతుంది, 155తో వెళితే 23.2 సెకన్లు. మలుపులోంచి కాస్త ముందుగా, శుభ్రంగా బయటపడి, ఆ చిన్న తేడాను స్ట్రెయిట్ పొడవునా నిలబెట్టుకుంటే దాదాపు 0.8 సెకను మిగిలింది. అదే 180 వేగంలో వస్తూ పది మీటర్లు ఆలస్యంగా బ్రేకు వేశారనుకోండి. మీకు దక్కేది సెకనులో చిన్న ముక్కే, అదీ మలుపు చెడకపోతే. కొత్తవాళ్లంతా రెండోదాని కోసం ప్రాణం పెడతారు, నేనూ పెట్టాను. బ్రేకు ఆలస్యంగా వేయడం ధైర్యంలా కనిపిస్తుంది కానీ ల్యాప్ టైమంతా, అంటే ఒక చుట్టుకు పట్టే టైమంతా, మలుపులోంచి బయటపడే తీరులోనే ఉంది.

వీడియోలు చూడండి, అయితే ఒక జాగ్రత్తతో. కారులో పెట్టే కెమెరా వెడల్పుగా చూస్తుంది కాబట్టి దూరాలు ఉన్నదానికంటే ఎక్కువగా, ఎత్తుపల్లాలు తక్కువగా కనిపిస్తాయి. వరస, గేర్లు, కెర్బ్‌ల (మలుపు అంచున ఉండే ఎత్తైన పట్టీల) రంగులు వీడియోలోంచి తీసుకోండి. బ్రేకు ఎక్కడ వేయాలో మాత్రం తీసుకోకండి. వాళ్ల కారు, టైర్లు, అనుభవం వేరు. సిమ్యులేటర్ విషయంలోనూ నా మాట ఇదే. కుర్చీలో కూర్చుని నడిపితే నడుముకి ఏమీ తెలియదు, కానీ తర్వాత ఏ మలుపు వస్తుందో మాత్రం బాగా ఒంటబడుతుంది.

కారు సిద్ధం చేయడం

బ్రేక్ ఆయిల్ దగ్గర మొదలుపెట్టండి. మన ప్రాంతం వాళ్లకు ఇది మరీ ముఖ్యం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి చెమర్చిపోతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ట్రాక్ మీద బ్రేకులు ఎంత కాగుతాయంటే ఆ తేడా ఒక్క సెషన్‌లోనే తెలిసిపోతుంది. ఆయిల్ మరిగితే లోపల బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి నేలదాకా వెళ్లిపోతుంది. కాబట్టి బయల్దేరే వారంలో సీలు తీయని కొత్త డబ్బాతో ఆయిల్ మార్పించి, బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి. సగం వాడి మూత పెట్టిన డబ్బా వద్దు. మీ మెకానిక్ ‘ఇంకా బాగానే ఉందండీ’ అన్నా సరే, మార్పించండి.

బ్రేక్ ప్యాడ్ల మందం సగం కంటే ఎక్కువ ఉండాలి. టైర్ల పక్క గోడలకు పగుళ్లు ఉండకూడదు. చక్రాల నట్లు కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. పాన మీద కాలేసి తొక్కి బిగించే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

కారులో కదిలేవన్నీ తీసేయండి. నీళ్ల సీసా, ఛార్జరు, కాళ్ల కింద మ్యాట్లు, స్టెప్నీ గట్టిగా కట్టి లేకపోతే అదీ. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ ఉంటే దండం పెట్టుకుని, గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకోండి. అతికించిన జిగురు ఎండకి వదులైపోయి ఉంటుంది, గట్టి బ్రేకులో అది ఊడి పెడల్ కిందకు పోవచ్చు.

సీటు మామూలుగా కంటే కాస్త దగ్గరికి జరుపుకోండి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగాన్ని తాకాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. హెల్మెట్ ముఖమంతా కప్పేది కావాలి, ఏ రకం ఒప్పుకుంటారో నిర్వాహకులను అడగండి. నిండు చేతుల కాటన్ బట్టలు, పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి. నైలాన్ చొక్కా వద్దు, నిప్పు తగిలితే అది ఒంటికి అంటుకుపోతుంది.

ట్రాక్ మీద నడవండి

నాకు ఈ పనంటే అన్నిటికంటే ఇష్టం. ముందురోజు సాయంత్రం అనుమతి ఇస్తే చుట్టూ ఒకసారి నడవండి. 3.7 కిలోమీటర్లు ఆగుతూ నడిస్తే గంటన్నర పడుతుంది. చేతిలో మ్యాప్, పెన్ను ఉంచుకోండి.

ప్రతి మలుపుకు ముందు గొంతుకూర్చుని చూడండి. మీ స్పోర్ట్స్ కారులో కన్ను ఉండే ఎత్తు అంతే. నిలబడి చూస్తే కనిపించే మలుపు లోపలి అంచు కూర్చుంటే కెర్బ్ వెనక మాయమైపోతుంది. రోడ్డు ఎటు వాలిందో చూడండి. లోపలికి వాలితే కారును పట్టుకుంటుంది, బయటికి వాలితే తోసేస్తుంది. చెప్పులు విప్పి పాదంతో రాసి చూసినా మంచిదే, కొత్త తారుకూ పాత తారుకూ తేడా తెలుస్తుంది.

మలుపు దాటాక వెనక్కి తిరిగి నేల మీది నల్లటి టైరు గీతలు చూడండి. గీత వంపు తిరిగి గడ్డిలోకి పోయిందంటే అక్కడ ఎవరో ముందే యాక్సిలరేటర్ తొక్కారని అర్థం. అలాంటి గీతలు ఎక్కువున్న మలుపుకి మ్యాప్‌లో గుండ్రం చుట్టండి. రేపు మీకూ అక్కడే అదే తప్పు చేయాలనిపిస్తుంది.

గోదావరి వంపు తిరిగేచోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది కదా. ట్రాక్ మీద మేట బయటివైపు వేస్తుంది. టైర్లు అరిగి రాలిన రబ్బరు ముక్కలు, దుమ్ము అక్కడ పోగవుతాయి. అందరూ వెళ్లే గీత దాటి రెండు అడుగులు బయటికి పోతే కారు బియ్యపు గింజల మీద జారినట్టు జారుతుంది. అదెక్కడ మొదలవుతుందో నడిచేటప్పుడే కళ్లారా చూసి పెట్టుకోండి.

ట్రాక్ సిబ్బంది నిలబడే మార్షల్ పోస్టులు ఎక్కడున్నాయో కూడా రాసుకోండి. జెండాలు కనిపించేది అక్కడే. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవర్నీ దాటకూడదు. ఎరుపైతే సెషన్ ఆపేశారు, జాగ్రత్తగా పిట్‌లోకి రావాలి. నీలం చూపిస్తే వెనక వేగమైన కారు ఉందని. పసుపు ఎరుపు చారలుంటే నేల జారుతోందని. నల్ల జెండా మీద నారింజ చుక్క ఉంటే మీ కారుకే ఏదో అయిందని. ఇవి నోటికి రానిదే హెల్మెట్ పెట్టుకోవద్దు.

మొదటి సెషన్

సెషన్ సాధారణంగా 15, 20 నిమిషాలు ఉంటుంది. ల్యాప్‌కు రెండు నిమిషాల పైచిలుకు వేసుకుంటే ఏడు నుంచి తొమ్మిది చుట్లు. ఈ మొదటి సెషన్ మొత్తం మీ సత్తాలో అరవై శాతంతోనే నడపండి. మామూలుగా వాడే గేరు కంటే ఒకటి పైదే వాడండి, ఇంజను అరుపు తగ్గితే బుర్ర పనిచేస్తుంది. బ్రేకు తొందరగా, మెత్తగా వేయండి. టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి కూడా ఒకటి రెండు చుట్లు కావాలి.

వెనకవాళ్లు దగ్గరికొస్తే స్ట్రెయిట్‌లో చెయ్యి బయటపెట్టి ఎటునుంచి దాటాలో చూపించి పోనివ్వండి. మన రోడ్ల మీద దాటించుకుంటే పరువు తక్కువ అనుకునేవాళ్లున్నారు. ఇక్కడ అది మర్యాద. అద్దంలో ఒకడిని పెట్టుకుని ట్రాక్ నేర్చుకోవడం కుదరదు, సగం చూపు వాడి మీదే ఉంటుంది. అలాగే ముందు వేగంగా పోయేవాళ్ల వెంట పడొద్దు. వాళ్ల బ్రేకు లైట్లు చూస్తూ నడిపితే వాళ్ల తప్పులే మీకు వస్తాయి.

సెషన్ అయిపోగానే ఫోన్ తీయకండి. నీళ్లు తాగి, నీడలో కూర్చుని, ఖాళీ కాగితం మీద ట్రాక్ మళ్లీ గీయండి. ప్రతి మలుపు పక్కన అక్కడ ఏం చూశారో ఒక మాట రాయండి. రాయడానికి ఏమీ దొరకని మలుపులు రెండు మూడు ఉంటాయి. రెండో సెషన్‌లో కళ్లు పెట్టాల్సింది వాటి మీదే.

గుర్తులు పెట్టుకోవడం

ప్రతి మలుపుకు నాలుగు గుర్తులు కావాలి. బ్రేకు వేసేది, స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టేది, లోపలి అంచుకు దగ్గరగా వచ్చేది, బయటికి వదిలేది. మూడోదాన్ని అపెక్స్ అంటారు. పొడవాటి స్ట్రెయిట్ల చివర 200, 150, 100 అని దూరం చెప్పే బోర్డులు ఉంటాయి. అవి లేనిచోట కెర్బ్ మొదలయ్యే చోటు, తారు అతుకు, కంచె స్తంభం, మార్షల్ పోస్టు, ఇలా కదలనిది ఏదైనా పట్టుకోవాలి.

కదలనిది అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చెన్నైలో నా మొదటి రోజున పెద్ద హోర్డింగు నీడ ఒకటి ట్రాక్‌కు అడ్డంగా పడి ఉండేది. బ్రేకుకు అదే గుర్తుగా పెట్టుకున్నాను. ఉదయం రెండు సెషన్లూ చక్కగా కుదిరింది. భోజనం తర్వాత సెషన్‌లో అదే నీడ దగ్గర అదే బ్రేకు వేశాను. నీడ అప్పటికి మలుపు వైపు జరిగిపోయింది. కారు ఆగలేదు, నేరుగా బయటి మట్టిలోకి వెళ్లి దుమ్ములో నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఒకసారి అంతర్వేది వెళుతూ నరసాపురం రేవులో పంటు ఎక్కాను. వరద నీరు, గోదారి ఎర్రగా ఉంది. సరంగును అడిగాను, “బాబాయ్, నీళ్లు ఇలా ఉన్నప్పుడు దారి ఎలా తెలుస్తుంది?” అని. “గట్టు మీద చెట్టూ గుడీ చూసుకుంటామండి. నీళ్ల మీద తేలేదాన్ని నమ్మకూడదండి బాబూ” అన్నాడు. నా నీడ సంగతి ఆయనకు తెలియదు. ఇప్పుడు ప్రతి కొత్త ట్రాక్ దగ్గరా గుర్తు పెట్టుకునే ముందు ఇది గట్టు మీదిదా, నీళ్ల మీదిదా అని అడుగుతాను. నీడ, ఆగి ఉన్న అంబులెన్సు, జరిపితే జరిగే కోను, ఇవన్నీ నీళ్ల మీదివే.

మలుపు తీసుకోవడం

కొత్త ట్రాక్‌లో ప్రతి మలుపునూ ఆలస్యపు అపెక్స్‌తో మొదలుపెట్టండి. అంటే బయటి అంచు నుంచి కాస్త ఆలస్యంగా తిప్పి, లోపలి అంచును సగం దాటాక తాకాలి. అలా చేస్తే మలుపు మిగతా భాగం ముందు విప్పుకుని కనిపిస్తుంది, బయటికి వెళ్లడానికి చోటు మిగులుతుంది. తొందరపడి ముందే లోపలికి కోస్తే మొదట్లో హాయిగానే ఉంటుంది, తీరా బయటికొచ్చే చోట రోడ్డు చాలదు. పోను పోను ముడుచుకుపోయే మలుపులైతే తొందరపాటును అసలు క్షమించవు.

వరస ఇది. కారు నేరుగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేయండి. గేరు తగ్గించండి. స్టీరింగ్ తిప్పుతూ బ్రేకును మెల్లగా వదలండి. పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి చెయ్యి తీసినంత మెల్లగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే ముందు టైర్ల మీద ఉన్న బరువు వెనక్కి పోయి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, కారు తిరగనంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీస్తే వెనక చక్రాలు తేలికైపోయి కారు వెనక భాగం ముందుకు రావడానికి చూస్తుంది. ఇంజను వెనకో మధ్యలోనో ఉన్న కార్లలో ఇది మరీ ఎక్కువ. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని బ్రేకుకి ఎంత ఖర్చు పెడితే తిరగడానికి అంత తక్కువ మిగులుతుంది.

వేగం లెక్కను మనసు ఎప్పుడూ తక్కువగా వేస్తుంది. 100 నుంచి ఆగడానికి పట్టే దూరం కంటే 140 నుంచి ఆగడానికి దాదాపు రెట్టింపు పడుతుంది. ఒక మలుపును 80తో తిరుగుతున్నవాళ్లు 88తో తిరగాలంటే టైర్ల దగ్గర 21 శాతం ఎక్కువ పట్టు కావాలి. కాబట్టి ‘ఇంకొక్క పది పెంచుదాం’ అన్న మాట ట్రాక్ మీద చాలా పెద్ద మాట. ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పునే పెంచండి.

చూపు

ఇక్కడే మనం ఎక్కువ కష్టపడాలి. కాలువలో పడతామేమో అని అంచును చూస్తూ పెరిగిన కళ్లు ట్రాక్ మీద కూడా గోడను, గడ్డిని, కెర్బ్‌ను చూస్తాయి. చెయ్యి మాత్రం కన్ను చూసినవైపే పోతుంది. బ్రేకు వేసేటప్పుడే కన్ను అపెక్స్‌కు వెళ్లాలి. అపెక్స్ చేరకముందే బయటికి వెళ్లే చోటుకు పోవాలి. అవసరమైతే తల కూడా తిప్పండి, పక్క కిటికీలోంచి చూడాల్సి వచ్చినా సరే.

దీన్ని ఇంటి దగ్గరే, నలభై వేగంలోనే సాధన చేయొచ్చు. పాలకొల్లు వెళ్లినా మార్టేరు వెళ్లినా రోడ్డు వంపు తిరిగేచోట వంపు చివర ఏముందో ముందే చూసి పైకి చెప్పండి. కొబ్బరి చెట్టు, కల్వర్టు, పాల కేంద్రం, ఏదైనా సరే. దీనికి వేగం అక్కర్లేదు. నెల రోజులు చేస్తే చూపు దానంతట అదే దూరం పోతుంది, రోజువారీ ప్రయాణం కూడా సుఖంగా ఉంటుంది.

వేగం పెంచడం

మూడో సెషన్ నుంచి మొదలుపెట్టండి, అదీ ఒక్కో మలుపులో ఒక్కో విషయం చొప్పున. ముందు ఎర్ర చుక్క మలుపులు. అక్కడ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే చోటును కారు పొడవంత ముందుకు తెచ్చి చూడండి. తొక్కాక మళ్లీ కాలు తీయాల్సి వస్తే తొందరపడ్డారు, పాత చోటుకే వెళ్లండి. బయటికి వచ్చాక రోడ్డు ఇంకా ఒక మీటరు మిగిలిపోతే ఇంకాస్త వేగం పట్టేదన్నమాట. మిగిలిన ఆ మీటరే మీ కొలబద్ద. అయితే అక్కర లేకుండా స్టీరింగ్ విప్పేసి అంచుకు పోయి, రోడ్డంతా వాడేశాననుకోకండి. కారు తనంతట తాను అక్కడికి వెళ్లాలి.

బ్రేకు గుర్తును చివరి రోజు దాకా ముట్టుకోవద్దు. ల్యాప్ టైమర్ కూడా మొదటి రోజు వద్దు. అంకె కనబడితే మనసు దాని వెంటే పోతుంది.

టైరు గాలి ప్రతి సెషన్ తర్వాత చూడండి. చల్లగా 32 పెట్టుకున్న టైరు వేడెక్కాక 37, 38కి పోతుంది. టైరు ఉబ్బితే పట్టు తగ్గుతుంది. వేడి మీదే మీ కారుకు సరిపడే అంకెకు తగ్గించి రాసుకోండి. ఇంటికి బయల్దేరేముందు, టైర్లు చల్లారాక, మళ్లీ కొట్టించుకోవడం మర్చిపోకండి.

వరసగా రెండు చిన్న తప్పులు చేశారంటే, అంటే గేరు తప్పడం, అపెక్స్ దాటిపోవడం లాంటివి, ఆ సెషన్ అక్కడితో చాలించి పిట్‌లోకి వచ్చేయండి. అది అలసట. చెన్నై ఎండలో హెల్మెట్ లోపల ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. ఉప్పు వేసిన మజ్జిగ ఫ్లాస్కులో పట్టుకెళ్లండి. చివరి చుట్టు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరిగి చల్లార్చండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి, కాగిన డిస్కుకి ప్యాడ్ అతుక్కుపోతుంది. గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి.

ఎత్తుపల్లాలు, వాన

మన డెల్టాలో ఎక్కడం దిగడం అంటే వంతెన ఒక్కటే. అందుకే బుద్ధ్ ట్రాక్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు నా కళ్లకు ఏమీ అర్థం కాలేదు. అక్కడ మూడో మలుపు ఎగువకు ఎక్కుతుంది. ఎక్కేచోట కారు నేలకు అదుముకుని బ్రేకు బాగా పడుతుంది. గట్టు దాటి దిగేచోట కారు తేలికై అదే బ్రేకుకి జారుతుంది. కాబట్టి కనబడని గట్టు వస్తుంటే బ్రేకు, స్టీరింగ్ పని రెండూ దాని ముందే ముగించాలి. అవతల ఏముందో కనబడదు కాబట్టి, దూరంగా ఆకాశంలో నిలబడే స్తంభమో కట్టడమో గుర్తుగా పెట్టుకోండి. పదో మలుపు నుంచి కలిసిపోయి వచ్చే పొడవాటి కుడి వంపులో కూడా ఓపిక పట్టాలి. మొదటి అంచు దగ్గర ఆశపడితే రెండో అంచుకు చేరలేరు.

వాన పడితే ఎండలో నేర్చుకున్న గీతను వదిలేయండి. టైర్ల రబ్బరు పట్టిన ఆ నున్నటి దారే తడిలో ఎక్కువ జారుతుంది. దానికి బయటగా గరుకు తారు మీద నడపండి, చేతులు రెండింతలు మెల్లగా కదలాలి. కొత్త ట్రాక్‌లో మొదటి సెషనే వానలో వచ్చిందంటే నేను సంతోషిస్తాను. వేగం ఎలాగూ కుదరదు, చూడటానికి బోలెడు టైము దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం

ఆ సాయంత్రమే ఇంటికి బయల్దేరకండి. రోజంతా 160, 180 చూసిన కళ్లకు హైవే మీద 100 నడకలా అనిపిస్తుంది. అది చాలా ప్రమాదం. రాత్రి అక్కడే పడుకుని, తెల్లారాక చక్రాల నట్లు మళ్లీ బిగించి, ప్యాడ్ల మందం, టైర్లు, ఇంజను ఆయిల్ చూసుకుని కదలండి. ప్యాడ్లు అరిగిపోయి ఉంటే అక్కడే మార్పించండి. 550 కిలోమీటర్లు వాటితో రావద్దు.

గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా వచ్చేసరికి చేపల లారీలు, గడ్డి ట్రాక్టర్లు, అంచుకు దిగాల్సిన పాత రోడ్డు మళ్లీ మొదలవుతాయి. అక్కడ నలభైలో రండి. ఇంటికి చేరాక స్నానం చేసి, నిద్రపోయేముందు ఆ ట్రాక్‌ను చివరిసారి ఖాళీ కాగితం మీద గీసి, గుర్తులు, గేర్లు, టైరు గాలి, ఆ రోజు ఎండా వానా అన్నీ రాసి, తేదీ వేసి దాచిపెట్టండి. మళ్లీ వెళ్లేటప్పుడు మొదటి సెషన్‌కు ముందు ఆ కాగితం తీసి చదువుకోవాలి.